బ్రిక్‌యార్డ్ 400: ఖాళీ గ్యాలరీలు చెప్పేది సగమే

2016 మే 29న అమెరికాలోని ఇండియానాపోలిస్ మోటార్ స్పీడ్‌వేలో ఇండీ 500 కార్ రేసు వందోసారి జరిగింది. గ్యాలరీ టికెట్లన్నీ అమ్ముడైపోయాయి. జనం ఇంట్లో కూర్చోకుండా ట్రాక్‌కు రావాలని దశాబ్దాలుగా ఆ ఊళ్లో ప్రత్యక్ష ప్రసారాన్ని ఆపుతూ వచ్చిన నిర్వాహకులు ఆ ఏడాది ఆ ఆంక్షను కూడా పక్కన పెట్టారు. సరిగ్గా ఎనిమిది వారాల తర్వాత, జూలై 24న, అదే ట్రాక్‌పై స్టాక్ కార్ల రేసు బ్రిక్‌యార్డ్ 400 జరిగింది. అప్పటికే రిటైరైన జెఫ్ గోర్డన్, గాయపడిన డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్ బదులు కారెక్కాడు. అదే ఇండియానా రాష్ట్రంలో పుట్టిన డ్రైవర్ టోనీ స్టీవర్ట్‌కు అది ఆఖరి బ్రిక్‌యార్డ్. ఇన్ని ఆకర్షణలున్నా వచ్చినవాళ్లు యాభై వేల మంది అని అంచనా. రెండు లక్షలకు పైగా సీట్లున్న చోట యాభై వేల మంది కూర్చుంటే టీవీలో కనిపించేది మనుషులు కాదు, అల్యూమినియం బెంచీలు.

ఆ దృశ్యం చూసినప్పటి నుంచి ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. స్టాక్ కార్ పోటీలు నడిపే నాస్కార్ క్యాలెండర్‌లో డేటోనా 500 తర్వాత అంత పేరున్న కొద్ది రేసుల్లో ఒకటైన బ్రిక్‌యార్డ్ 400 ఆకర్షణ పోగొట్టుకుందా? పోగొట్టుకుందనే వాదనకు ఆధారాలు చాలానే ఉన్నాయి. కానీ అవన్నీ గ్యాలరీ వైపు నుంచి చూసినవి. డ్రైవర్ సీటు వైపు నుంచి చూస్తే లెక్క మరోలా ఉంటుంది. ఈ రేసు గురించిన గందరగోళమంతా ఆ రెండు చూపులనూ కలిపేయడం వల్ల వచ్చిందే.

బయటికి మామూలు సెడాన్‌లను పోలి ఉండి, లోపల మాత్రం పూర్తిగా రేసు కోసం కట్టిన బరువైన కార్లు స్టాక్ కార్లు. అమెరికాలో వాటి పోటీలను నడిపే సంస్థ నాస్కార్. 1948లో బిల్ ఫ్రాన్స్ సీనియర్ స్థాపించారు. దాని పునాది దక్షిణాది రాష్ట్రాల్లో ఉంది. ఇండియానాపోలిస్‌ది వేరే లోకం. 1909లో కట్టిన ఆ ట్రాక్ మీద అదే ఏడాది ముప్పై రెండు లక్షల ఇటుకలు పరిచారు. తర్వాత తారు వేసినా, ముగింపు గీత దగ్గర మూడడుగుల వెడల్పున ఇటుకలను అలాగే ఉంచారు. 1911 నుంచి అక్కడ చక్రాలు బయటికి కనిపించే ఓపెన్ వీల్ కార్లదే రాజ్యం. స్టాక్ కార్లను చిన్నచూపు చూసిన రోజులూ ఉన్నాయి. 1954లో సాక్షాత్తు బిల్ ఫ్రాన్స్‌నే అక్కడి గ్యారేజీ నుంచి బయటికి పంపించేశారు. ఐదేళ్లకు ఆయన ఫ్లోరిడాలోని డేటోనాలో సొంత ట్రాక్ తెరిచారు. చుట్టుకొలత సరిగ్గా ఇండియానాపోలిస్‌దే, రెండున్నర మైళ్లు. మలుపుల వాలు మాత్రం 31 డిగ్రీలు. పొడవులో ఎక్కడా తగ్గకూడదనుకున్నట్టే ఉంటుంది ఆ కొలత.

అందుకే 1994లో స్టాక్ కార్లు ఇండియానాపోలిస్ గేటు దాటి లోపలికి రావడం క్రీడా వార్తకు మించిన సంగతి. గుమ్మం బయట నిలబెట్టినవాళ్లను నడింట్లో కూర్చోబెట్టి మర్యాద చేసినట్టు. స్పీడ్‌వే అధ్యక్షుడు టోనీ జార్జ్, నాస్కార్ అధిపతి బిల్ ఫ్రాన్స్ జూనియర్ కలిసి కుదిర్చిన ఒప్పందం అది. 1992 జూన్‌లో నాస్కార్ కార్లు అక్కడ పరీక్షగా నాలుగు చుట్లు తిరిగితే చాలు, చూడడానికి వేల మంది వచ్చారు. మొదటి రేసుకు 86 కార్లు పేరిస్తే 43కే చోటు దొరికింది. ఇండీ 500ను నాలుగు సార్లు గెలిచి విరమించిన ఎ.జె. ఫోయిట్ కూడా ఆ 43లో ఒకడు.

1994 ఆగస్టు 6న జరిగిన ఆ రేసుకు రెండున్నర లక్షల మంది వచ్చారని చెబుతారు. సోదరులైన జెఫ్ బోడీన్, బ్రెట్ బోడీన్ ఒకరికొకరు తగిలి, జెఫ్ గోడకు గుద్దుకున్నాడు. చివరికొచ్చేసరికి ఎర్నీ ఇర్వన్, జెఫ్ గోర్డన్ హోరాహోరీగా తలపడుతుండగా, ఇంకో ఐదు ల్యాప్‌లు (చుట్లు) ఉన్నాయనగా ఇర్వన్ టైరు గాలి పోయింది. రెండు రోజుల ముందే 23 ఏళ్లు నిండిన గోర్డన్ గెలిచాడు. కాలిఫోర్నియాలో పుట్టినా, రేసుల కోసమే కుటుంబం ఇండియానాకు తరలివచ్చి, ఆ ఊరి దగ్గర్లోనే పెరిగిన కుర్రాడు. ప్రైజ్ మనీ 6,13,000 డాలర్లు. అప్పటి నాస్కార్‌లో అది కళ్లు తిరిగే సొమ్ము. కొత్త తరానికి ఒక హీరో దొరికాడు, రేసుకు ఒక కథ దొరికింది. మరుసటి ఏడాది డేల్ ఎర్న్‌హార్ట్, 1996లో డేల్ జారెట్ గెలిచారు. జారెట్, అతని క్రూ చీఫ్ (కారు సిబ్బంది నాయకుడు) టాడ్ పారట్ ఆ రోజు మోకాళ్ల మీద వంగి గీత దగ్గరి ఇటుకలను ముద్దు పెట్టుకున్నారు. అక్కడి నుంచి అది ఆచారమైంది. తర్వాత ఇండీ 500 విజేతలు కూడా దాన్నే అనుసరించారు. ఎనభై ఏళ్లకు పైగా నడిచిన రేసుకు, మూడేళ్ల వయసున్న రేసు ఒక సంప్రదాయాన్ని ఇచ్చిందన్నమాట.

మొదటి పదిహేనేళ్ల జనసందోహంలో రేసు గొప్పతనం ఎంత, వేదిక గొప్పతనం ఎంత అని ఎవరూ విడదీసి చూడలేదు. చూడాల్సిన అవసరమూ రాలేదు. ఆ ట్రాక్ స్టాక్ కార్లకు నప్పదన్న సంగతి మాత్రం మొదటి రోజు నుంచీ అక్కడే ఉంది.

ఇండియానాపోలిస్‌ను ఓవల్ అంటారు గానీ, నిజానికి మూలలు గుండ్రంగా చేసిన దీర్ఘచతురస్రం. రెండు పొడవాటి దారులు, రెండు పొట్టి దారులు, పావు మైలు చొప్పున నాలుగు మలుపులు. మలుపుల వాలు తొమ్మిది డిగ్రీలకు కాస్త పైన మాత్రమే. వాలు ఎక్కువున్న చోట కారు బరువును రోడ్డే మోస్తుంది. డ్రైవర్ పైనుంచి, మధ్యనుంచి, కిందనుంచి దారి వెతుక్కోవచ్చు. వాలు లేనప్పుడు పదిహేను వందల కిలోలు దాటిన కారును తిప్పాల్సిన భారమంతా టైర్ల మీద పడుతుంది. మలుపులో వేగంగా పోవడానికి పనికొచ్చే దారి ఒక్కటే మిగులుతుంది. దానికి తోడు ముందు కారు చీల్చుకుపోయిన గాలి వెనక కారు ముక్కు మీద సరిగా ఆనదు. దాంతో వెనకవాడి ముందు టైర్లు పట్టు కోల్పోయి, కారు గోడ వైపు జారుతుంది. జారకుండా ఉండాలంటే యాక్సిలరేటర్ వదలాలి. వదిలితే ముందువాడు దూరమవుతాడు. అరసెకను వేగంగా ఉన్న కారు కూడా నెమ్మదైన కారు వెనక ఇరవై ల్యాప్‌లు ఇరుక్కుపోయే పరిస్థితి అలా వస్తుంది.

అందుకే ఇక్కడ ఒకరినొకరు దాటడం ఎక్కువగా పిట్ దారిలోనే, అంటే టైర్లు, ఇంధనం కోసం కార్లు ఆగే చోటే జరుగుతుంది. ఎవరు ఎప్పుడు ఆగారు, ఎన్ని టైర్లు మార్చారు, ఇంధనం ఎంత పొదుపు చేశారు అన్నదే చాలా రేసులను తేల్చింది. 2011లో పాల్ మెనార్డ్ అలాగే ఇంధనం పొదుపు చేసి గెలిచాడు. 2016లో కైల్ బుష్ పోల్ పొజిషన్ (అందరికన్నా ముందు నుంచి మొదలుపెట్టే స్థానం) సాధించి, అదనపు ల్యాప్‌లతో కలిపి 170 ల్యాప్‌ల రేసులో 149 ల్యాప్‌లు ముందే నడిచాడు. కారు తయారీకి, డ్రైవర్ నైపుణ్యానికి అంతకన్నా గొప్ప ప్రదర్శన ఉండదు. ఎండలో కూర్చున్న ప్రేక్షకుడికి మాత్రం అది మూడు గంటల ఊరేగింపు.

కంటికి వేగం తెలియకపోవడమూ ఒక సమస్యే. 1996లో ఆరీ లైయెండైక్ ఇండీ కారులో నాలుగు ల్యాప్‌లకు సగటున గంటకు 381 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. అదే చోట 2014లో కెవిన్ హార్విక్ స్టాక్ కారులో సాధించిన రికార్డు 304 కిలోమీటర్లు. ఏ ట్రాక్ మీదైనా 304 భయంకరమైన వేగమే. కానీ మే నెలంతా ఇండీ కార్లను చూసిన కళ్లకు జూలైలో స్టాక్ కార్లు తీరిగ్గా పోతున్నట్టు కనిపిస్తాయి. పైగా ఎక్కడ కూర్చున్నా ట్రాక్‌లో ఒక ముక్కే కనిపిస్తుంది. టెనెసీలోని బ్రిస్టల్ ట్రాక్ చుట్టుకొలత అర మైలుకు కొంచెం ఎక్కువ. అక్కడ ఏ మూల కూర్చున్నా ప్రతి కారూ, ప్రతి గుద్దులాటా కళ్ల ముందే. ఇండియానాపోలిస్‌లో కార్లు ఒక మలుపు తిరిగి మాయమైతే, మళ్లీ వచ్చేదాకా పెద్ద తెర మీదో రేడియోలోనో తెలుసుకోవాలి.

కొత్తదనం ఉన్నన్నాళ్లూ జనం ఇవన్నీ ఓర్చుకున్నారు. 2008 జూలై 27 ఆ ఓర్పును ఒక్క మధ్యాహ్నంలో కరిగించేసింది.

నాస్కార్ అప్పటికే భద్రత కోసం కొత్త తరహా కారు తెచ్చింది. అది పాతదానికన్నా ఎత్తుగా ఉండి, కుడివైపు టైర్ల మీద ఎక్కువ భారం మోపేది. ఇండియానాపోలిస్ ఉపరితలాన్ని వజ్రపు పళ్లున్న యంత్రాలతో గీకి గరుకుగా ఉంచారు. మామూలుగా రేసు నడుస్తున్న కొద్దీ అరిగిన రబ్బరు రోడ్డుకు అంటుకుని పూతలా ఏర్పడి, తర్వాతి టైర్లను కాపాడుతుంది. ఆ రోజు రబ్బరు అంటుకోలేదు, పొడిగా రాలిపోయింది. గుడ్‌ఇయర్ టైర్లు పది పన్నెండు ల్యాప్‌లకే అరిగి లోపలి దారాలు బయటపడ్డాయి. ఇక నాస్కార్ పది పన్నెండు ల్యాప్‌లకోసారి తానే పసుపు జెండా (కార్లన్నీ నెమ్మదించాలన్న హెచ్చరిక) ఊపి, అందర్నీ పిట్‌కు రప్పించి, టైర్లు మార్పించింది. 160 ల్యాప్‌ల రేసు చిన్న చిన్న పరుగుల కుప్పగా మారింది. జిమ్మీ జాన్సన్ గెలిచాడు. తర్వాత నాస్కార్ అధికారులు అభిమానులకు బాహాటంగా క్షమాపణ చెప్పారు.

మూడేళ్ల ముందు, 2005లో, అదే స్పీడ్‌వేలో ఫార్ములా వన్ రేసును కూడా టైర్లే ముంచాయి. మిషెలిన్ టైర్లు వాడే జట్లన్నీ తప్పుకుంటే ఆరు కార్లతో ఆ పోటీ నడిచింది. డబ్బు పెట్టి టికెట్ కొని, వందల మైళ్లు బండి నడుపుకుంటూ వచ్చిన ప్రేక్షకుణ్ని ఒకే ట్రాక్ మూడేళ్లలో రెండుసార్లు ఉత్త చేతులతో తిప్పి పంపింది. నాస్కార్ క్షమాపణలోనూ, ఆ తర్వాత గుడ్‌ఇయర్ పదేపదే చేసిన పరీక్షల్లోనూ చిత్తశుద్ధి లేదనలేం. కానీ 2008లోనే మాంద్యం కూడా విరుచుకుపడింది. కార్ల కర్మాగారాల మీద బతికే ఇండియానా, ఒహాయో, మిషిగన్ కుటుంబాలు వేసవి ఖర్చుల్లో మొదట కొట్టేసినవాటిలో ఈ టికెట్ ఉంది. తప్పనిసరిగా ఒక ఏడాది మానేసినవాళ్లు, రెండో ఏడాది మానేయడానికి 2008 జ్ఞాపకమే సరిపోయింది. 2010 నాటికి ప్రేక్షకుల అంచనా లక్షన్నర కిందికి జారింది. కొన్నేళ్లకు నాస్కార్ అంచనాలు ప్రకటించడమే మానేసింది.

ఈ పతనాన్ని బ్రిక్‌యార్డ్ ఒక్కదాని ఖాతాలో వేయడం అన్యాయం. వరసగా 55 రేసులకు టికెట్లు మిగల్చని బ్రిస్టల్ కూడా 2010లో సీట్లు నింపలేకపోయింది. డేటోనా నలభై కోట్ల డాలర్లతో గ్యాలరీలను పునర్నిర్మించి, సీట్ల సంఖ్యను లక్ష చిల్లరకు కుదించుకుంది. అంటే అందరికీ జనం తగ్గారు, మిగతావాళ్లు కుర్చీలూ తగ్గించుకున్నారు. ఇండియానాపోలిస్ ఆ స్థాయిలో ఆ పని చేయలేదు. మే నెల ఆఖరి ఆదివారం దానికి అన్ని సీట్లూ కావాలి. కాబట్టి వేరేచోట కిటకిటలాడినట్టు కనిపించే అరవై, డెబ్బై వేల మంది ఇక్కడ చెల్లాచెదురుగా కనిపిస్తారు. రెండున్నర లక్షల మంది కోసం కట్టిన గ్యాలరీని కొలబద్దగా తీసుకుంటే స్టాక్ కార్ లోకంలో ఏ రేసూ గట్టెక్కదు.

నిర్వాహకుల స్వయంకృతాలు ఇంకోవైపు ఉన్నాయి. శనివారం జరిగే రెండో శ్రేణి రేసును 1982 నుంచి ఊరి చివర క్లెర్మాంట్‌లోని చిన్న ట్రాక్ మీద నడిపేవారు. రాత్రి దీపాల కింద, డోర్లు రాసుకుంటూ సాగే ఆ పోటీ కోసమే వారాంతం మొత్తం గడిపే అభిమానులుండేవారు. 2012లో దాన్ని తీసుకొచ్చి పెద్ద ట్రాక్ మీద పడేశారు. చిన్న ట్రాక్ వెలితి పడింది, పెద్ద ట్రాక్ నిండలేదు. తీసుకున్న నిర్ణయాలన్నిటిలో ఇదే అతి తక్కువ ఆలోచనతో తీసుకున్నదని అనిపిస్తుంది.

తర్వాత తేదీల గంతులు మొదలయ్యాయి. ఆగస్టు మొదటి వారంలో మొదలైన రేసు జూలై చివరికి వచ్చింది. నీడలేని అల్యూమినియం బెంచీల మీద మిట్టమధ్యాహ్నం కూర్చోవాలి. చల్లగా ఉంటుందని 2018లో సెప్టెంబరుకు మార్చారు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ సీజన్‌లో అదే మొదటి ఆదివారం, ఊళ్లోనే కోల్ట్స్ జట్టు మ్యాచ్ ఉంది. పైగా వానొచ్చి రేసు సోమవారానికి వాయిదా పడింది. 2020లో అమెరికా స్వాతంత్ర్య దినోత్సవ వారాంతానికి మార్చారు. కోవిడ్ వల్ల అసలు ప్రేక్షకులనే రానివ్వలేదు. ఒక పండుగ ఏ తిథిన వస్తుందో తెలియకపోతే ఇంటిల్లిపాదీ సెలవు పెట్టుకుని ప్రయాణం కట్టడం కుదరదు. అమెరికా రేసు అభిమానుల్లో ఎక్కువమంది తాతల నాటి నుంచి ఒకే వారాంతం, ఒకే చోట గుడారం వేసుకునేవాళ్లే.

2020 జనవరిలో స్పీడ్‌వే హల్మన్ జార్జ్ కుటుంబం చేతుల్లోంచి రేసు జట్ల యజమాని రోజర్ పెన్స్కీ చేతికి వచ్చింది. మరుసటి ఏడాది అతిపెద్ద మార్పు జరిగింది. ఓవల్‌ను వదిలేసి, మైదానం లోపలి వంకర దారుల్లో నాస్కార్ రేసు నడిపారు. బ్రిక్‌యార్డ్ 400 అన్న పేరు క్యాలెండర్‌లోంచి పోయింది. కారణం అర్థం చేసుకోదగ్గదే. ఓవల్ మీద ఒకరినొకరు దాటడం లేదన్న ఫిర్యాదుకు అది జవాబు. మూడేళ్లలో ఎ.జె. ఆల్‌మెండింగర్, టైలర్ రెడిక్, మైకేల్ మెక్‌డవెల్ గెలిచారు. రేసుల్లో చోద్యాలకు కొదవ లేదు. 2021లో ఒక మలుపు దగ్గర అంచు దిమ్మె ఊడిపోయి కార్లు ధ్వంసమయ్యాయి. చివరి రీస్టార్ట్‌లలో, అంటే ఆపిన పోటీ మళ్లీ మొదలైనప్పుడు, మొదటి మలుపు దగ్గర బండ్లు గుంపుగా గుద్దుకునేవి. కాలక్షేపానికి అది బాగానే ఉంది.

అయితే గెలిచినవాళ్ల ముఖాల్లో ఏదో తక్కువైంది. అలాంటి దారులు క్యాలెండర్‌లో అప్పటికే అరడజను ఉన్నాయి. ఇండీ 500 విజేతలు తిరిగిన నాలుగు మలుపుల మీద తిరగకుండా, ఆ కాంపౌండ్ లోపల ఎక్కడో గెలవడం ఇండియానాపోలిస్ గెలిచినట్టు కాదని డ్రైవర్లే అనడం మొదలుపెట్టారు. ఓవల్ తిరిగి కావాలని గట్టిగా కోరినవాళ్లలో డెన్నీ హామ్లిన్ ఉన్నాడు. నాస్కార్ పెద్ద రేసుల్లో డేటోనా 500 మూడుసార్లు, సదరన్ 500 మూడుసార్లు, కోకాకోలా 600 ఒకసారి గెలిచిన మనిషి. వాటిలో 2025 దాకా అతనికి అందనిది బ్రిక్‌యార్డ్ ఒక్కటే. 2020లో ఏడు ల్యాప్‌లు ఉన్నాయనగా ముందు నడుస్తున్నవాడు టైరు పేలి గోడకు గుద్దుకున్నాడు. విసుగు పుట్టించే రేసు అని అందరూ అన్నదాన్ని, దానిలో ఓడిపోయినవాడు తిరిగి తెమ్మని అడుగుతున్నాడంటే ఆ ఆకర్షణ ఎలాంటిదో ఆలోచించాల్సిందే.

పాల్ మెనార్డ్ గెలుపు కూడా ఇంధనం లెక్కతో ముగిసేది కాదు. అతని తండ్రి జాన్ మెనార్డ్ 1980ల నుంచి ఇండీ 500కు కార్లు పంపాడు, కోట్లు ఖర్చు పెట్టాడు, ఒక్కసారీ గెలవలేదు. ఆ కుటుంబానికి ఇండియానాపోలిస్‌లో మొదటి పెద్ద విజయం స్టాక్ కారులో కొడుకు తెచ్చిపెట్టాడు. పాల్‌కు నాస్కార్ అత్యున్నత శ్రేణి అయిన కప్ స్థాయిలో వచ్చిన ఏకైక గెలుపు అదే. ఇండియానాలోని కొలంబస్‌లో పుట్టిన టోనీ స్టీవర్ట్ ఇండీ 500 కోసం ఎంత ప్రయత్నించినా గెలవలేక, 2005లో బ్రిక్‌యార్డ్ గెలిచి కంచె ఎక్కేశాడు. హువాన్ పాబ్లో మోంతోయా 2000లో ఇండీ 500 గెలిచాడు. 2009లో బ్రిక్‌యార్డ్‌లో 116 ల్యాప్‌లు ముందు నడిచి, పిట్ దారిలో వేగపరిమితి దాటినందుకు శిక్ష పడి పోగొట్టుకున్నాడు. రెండూ గెలిచిన మనిషి 2025 నాటికీ లేడు. వీళ్లెవరికీ గ్యాలరీలో ఎందరున్నారన్నది లెక్కలోకి రాలేదు.

2024 జూలైలో ఓవల్ తిరిగొచ్చింది. మొదటి రేసుకు ముప్పై ఏళ్లు నిండిన సందర్భం. కైల్ లార్సన్ గెలిచాడు. చివర్లో ముందున్న బ్రాడ్ కెసలౌస్కీ ఇంధనం అయిపోయి రీస్టార్ట్ ముందే పిట్‌కు వెళ్లిపోవడం, తర్వాత పసుపు జెండా కింద రేసు ముగియడం మీద తగాదాలు రేగాయి. తగాదా పడేంత పట్టింపు ఉండడమే మూడేళ్ల తర్వాత మంచి కబురు.

2025 జూలై 27న జరిగినది ఇంకా పెద్దది. బబ్బా వాలెస్ ముందు నడుస్తున్నాడు. వెనక లార్సన్. నాలుగు ల్యాప్‌లు మిగిలాయనగా వాన చినుకులు పడి రేసు ఆగింది. వంద రేసులుగా గెలుపు లేని మనిషి, ఇంధనం సరిపోతుందో లేదో తెలియని కారులో కూర్చుని పద్దెనిమిది నిమిషాలు ఎదురుచూశాడు. తర్వాత ఒక రీస్టార్ట్‌లో ప్రమాదం, మళ్లీ ఇంకో రీస్టార్ట్. రెండుసార్లూ లార్సన్ పక్కనే. రెండుసార్లూ మొదటి మలుపులో వాలెస్ వెనక్కి తగ్గలేదు. సెకనులో నాలుగో వంతు కన్నా తక్కువ తేడాతో గెలిచాడు. ఆ ఓవల్ మీద పెద్ద రేసు గెలిచిన మొదటి నల్లజాతి డ్రైవర్ అతడే. లూయిస్ హామిల్టన్ 2007లో అక్కడ ఫార్ములా వన్ గెలిచినా, అది ప్రధానంగా లోపలి దారుల్లో నడిచిన పోటీ. విల్లీ టి. రిబ్స్ ఇండీ 500లో పాల్గొన్న మొదటి నల్లజాతీయుడు కావడానికే 1991 దాకా పట్టిందని గుర్తుంచుకుంటే, ఆ ఇటుకల దగ్గర వాలెస్ మోకరిల్లడం ఏమిటో తెలుస్తుంది. అదే గెలుపు మరో ట్రాక్ మీద వచ్చి ఉంటే ఆ వారం వార్తగా నిలిచేది. ఇక్కడ వచ్చింది కాబట్టి చరిత్రలోకి వెళ్లింది. ఆ తేడాయే ఈ రేసు విలువ.

ఆ వారాంతంలో కూడా గ్యాలరీలు నిండలేదు. రెండు నెలల ముందు అక్కడే ఇండీ 500కు టికెట్లన్నీ అయిపోయి, మళ్లీ స్థానిక ప్రసార ఆంక్ష ఎత్తేశారు. కాబట్టి జనాన్ని రప్పించే శక్తి ఆ వేదికకు తగ్గిందనడం కుదరదు. ఆ శక్తి స్టాక్ కార్ రేసుకు పూర్తిగా బదిలీ కాలేదు, అంతే. మొదట్లో వచ్చిన రెండున్నర లక్షల మంది చూడడానికి వచ్చింది ఆ రేసును కాదు, ఆ గేటు తెరుచుకోవడాన్ని. ఒక గేటు ఒకసారే తెరుచుకుంటుంది. ఆ తర్వాత ఏ రేసైనా తన గౌరవాన్ని తానే సంపాదించుకోవాలి. దానికి తరాలు పడుతుంది. బ్రిక్‌యార్డ్ ఆ పని 1994లో మొదలుపెట్టిందని మనం అనుకుంటాం. నా దృష్టిలో అది సీరియస్‌గా మొదలైంది ఓవల్ పోగొట్టుకుని తిరిగి తెచ్చుకున్నాకే.

ఇలా తిరిగి రావడం స్టాక్ కార్ చరిత్రలో కొత్తేం కాదు. దక్షిణ కరోలినాలోని డార్లింగ్టన్‌లో సదరన్ 500 రేసు 1950 నుంచి సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే వారాంతంలో జరిగేది. 2004లో ఆ తేదీని లాక్కుని కాలిఫోర్నియా ట్రాక్‌కు ఇచ్చారు. పెద్ద మార్కెట్, పెద్ద నగరం, హాలీవుడ్ పక్కనే అన్నది లెక్క. ఆ లెక్క తప్పింది, కాలిఫోర్నియాలో సీట్లు నిండలేదు. పదేళ్లకు పైగా తిప్పి 2015లో తేదీని డార్లింగ్టన్‌కే తిరిగిచ్చారు. జట్లు తమ కార్లకు పాత తరం రంగులు వేసుకొచ్చాయి. పాత డ్రైవర్లను పిలిచి గౌరవించారు. ఇవాళ ఆ రేసుకున్న ఆదరణ ఆ తేదీ తిరిగొచ్చాక కట్టుకున్నదే. డార్లింగ్టన్ చిన్న ట్రాక్, పాత ట్రాక్, దారి ఇరుకైన ట్రాక్. కానీ ఎప్పుడు జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో అందరికీ తెలుసు. బ్రిక్‌యార్డ్‌కు మొదట కావలసింది అదే. జూలై చివరి వారాంతం అని పెట్టుకుంటే, టీవీ ఒప్పందాలు మారినా దాన్ని కదపకూడదు.

పోటీ నాణ్యత సంగతి ఇంకా కష్టం. నాస్కార్ చాలా మందులు వాడింది. 2015లో కార్ల వెనక తొమ్మిది అంగుళాల ఎత్తు రెక్క పెట్టి, ముందు కారు గాలి నీడలో వెనకవాడు దూసుకురావచ్చని ఆశపడింది. పొడవాటి దారిలో దగ్గరకొచ్చినవాడు మలుపులో మళ్లీ వెనకబడ్డాడు. అసలు చిక్కు గాలి ఒక్కటే కాదు. మలుపులో అందరూ ఒకే వేగంతో పోగలగడం. డ్రైవర్ బ్రేకు ఎక్కువ తొక్కాల్సి వస్తే, టైరు ఇరవై ల్యాప్‌లకు పట్టు తగ్గి జాగ్రత్తగా నడపాల్సి వస్తే, అప్పుడు మంచివాడికీ మామూలువాడికీ తేడా కనిపిస్తుంది. అంటే శక్తి ఎక్కువున్న ఇంజను, మెల్లగా అరిగే టైరు కాదు, అరిగే టైరు. 2008 భయం వల్ల గుడ్‌ఇయర్ ఇక్కడ గట్టి టైర్ల వైపే మొగ్గుతుంది, అది సహజం. ఇంజను విషయంలో 2026 నుంచి మైలున్నర కన్నా చిన్న ఓవల్‌లకు, వంకర దారులకు 750 హార్స్ పవర్ ఇస్తున్నారు. రెండున్నర మైళ్ల ఇండియానాపోలిస్ ఆ జాబితాలో లేదు. వాలు లేని మలుపుల వల్ల ఆ అదనపు శక్తితో ఎక్కువ లాభపడే ట్రాక్‌లలో ఇదొకటి. పొడవును బట్టి కాక వాలును బట్టి గీత గీసి ఉంటే బ్రిక్‌యార్డ్ అందులో ఉండేది. వచ్చే నిబంధనల సవరణలో నాస్కార్ ముందుగా చూడాల్సింది ఆ గీతనే.